నీళ్ల మీద పదిహేనేళ్లు... పట్టాల మీద పాతికేళ్లు

చుట్టూ రాళ్లగుట్టలు, వేరుశనగ చేలు. సముద్రం చూడాలంటే రాత్రంతా రైల్లో కూర్చోవాలి. అలాంటి హిందూపురం, పెనుకొండ, ధర్మవరాల్లో నేవీ కబుర్లేమిటి అనుకుంటున్నారా? మాజీ సైనికుల కుటుంబాలు మన ఊళ్లల్లోనూ ఉన్నాయండీ. నౌకాదళంలో వైద్య సహాయకుడిగా పనిచేసి, తర్వాత రైల్వేలో చేరిన మనిషి జీవితం ఎలా ఉంటుందో, ఆయన వెనకున్న ఇల్లాలికి ఏం దక్కాలో ఈ వారం చెప్పుకుందాం.

ఓడలో ఆస్పత్రి

యుద్ధమంటే మనకు తుపాకులే గుర్తొస్తాయి. కానీ ప్రతి యుద్ధనౌకలోనూ ఒక చిన్న వైద్యశాల ఉంటుంది. అక్కడ పనిచేసే నావికుడిని ఒకప్పుడు సిక్‌బెర్త్ అటెండెంట్ అనేవారు, తర్వాత మెడికల్ అసిస్టెంట్ అన్నారు. చిన్న ఓడల్లో డాక్టరు ఉండకపోవచ్చు. అప్పుడు కట్టు కట్టడం, సూది వేయడం, కాలిన గాయాలకు మందు రాయడం, అన్నీ ఆ కుర్రాడే చూసుకోవాలి. ఓడ ఊగుతూ ఉంటే తన కడుపులోనూ తిప్పుతుంది. అయినా ముందు పక్కవాడి సంగతి చూడాల్సిందే.

నేవీ యుద్ధం మన తెలుగు తీరానికి కొత్త కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ దగ్గరే మునిగిపోయింది. అదే నెల 9న అరేబియా సముద్రంలో మన ఐఎన్ఎస్ ఖుక్రీ మునిగింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు తిరిగి రాలేదు. ఆ రోజుల్లో నేవీలో మనవాడున్న ప్రతి ఇంట్లోనూ రేడియో దగ్గర నుంచి ఎవరూ కదిలి ఉండరు.

మళ్లీ ఇంకో యూనిఫారం

ఆ రోజుల్లో పదిహేడు, పద్దెనిమిదేళ్లకు నేవీలో చేరిన కుర్రాడు పదిహేనేళ్లు పూర్తిచేస్తే పింఛనుకు అర్హుడయ్యేవాడు. అప్పటికి వయసు ముప్ఫై రెండో, మూడో. పిల్లలు ఇంకా పలకా బలపం పట్టుకునే ఉంటారు. ఇంట్లో కూర్చుంటే గడుస్తుందా? అందుకే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో మాజీ సైనికులకు గ్రూప్ సిలో 10 శాతం, గ్రూప్ డిలో 20 శాతం కేటాయింపు పెట్టారు. అలా చాలామంది రైల్వేకి వచ్చారు.

మన గుంతకల్లు - ధర్మవరం - హిందూపురం - బెంగుళూరు లైను 1890లలో మీటర్‌గేజ్‌గా మొదలైంది. 1980లలో బ్రాడ్‌గేజ్ అయింది. గేట్‌మన్, పాయింట్స్‌మన్, గార్డు... ఏ పనైనా వేళాపాళా ఉండదు. అర్ధరాత్రి కాల్‌బాయ్ వచ్చి తలుపు తడితే, ఆయన బూట్లు వేసుకునేలోగా ఈవిడ క్యారియరు సర్దేయాలి. నేవీ రోజుల్లో ఉత్తరం కోసం ఎదురుచూపు, రైల్వే రోజుల్లో రైలు కూత కోసం ఎదురుచూపు. నిజానికి రెండు ఉద్యోగాలూ ఆమే చేసింది!

ఓడలో నేర్చుకున్న విద్య పట్టాల మీదా పనికొస్తుంది. 2012 మే 22 తెల్లవారుజామున పెనుకొండ స్టేషన్లో ఆగి ఉన్న గూడ్సును హంపి ఎక్స్‌ప్రెస్ ఢీకొని పాతిక మంది దాకా చనిపోయారు. 2013 డిసెంబరు 28న కొత్తచెరువు దగ్గర నాందేడ్ ఎక్స్‌ప్రెస్ బోగీ కాలిపోయి 26 మంది ప్రాణాలు పోయాయి. అలాంటి వేళ అంబులెన్సు వచ్చేదాకా రక్తం ఆపగలిగిన చేతులు ఎంత విలువైనవో వేరే చెప్పాలా?

ఆమెకు రెండు పింఛన్లు

ఇక మన అసలు విషయానికి వద్దాం. ఆయన నేవీ పింఛను తీసుకుంటూ రైల్వేలో పనిచేసి, అక్కడా పింఛనుతో రిటైరయ్యారనుకోండి. ఆయన పోయాక భార్యకు ఏది వస్తుంది? ఒకప్పుడు రెండింట్లో ఏదో ఒక కుటుంబ పింఛనే ఎంచుకోవాలనేవారు. 2012 సెప్టెంబరు 24 నుంచి ఆ నియమం మారింది. సైన్యం వైపు ఒకటి, సివిల్ ఉద్యోగం వైపు ఒకటి, రెండూ తీసుకోవచ్చు. అంతకుముందే భర్తను పోగొట్టుకున్నవారికి కూడా ఆ తేదీ నుంచి వర్తిస్తుంది. ఈ సంగతి తెలియక ఒక్కదానితోనే సరిపెట్టుకునే పెద్దావిడ మీ బంధువుల్లో ఉన్నారేమో ఒకసారి కనుక్కోండి.

అయితే ఒక మెలిక ఉంది. నేవీ సర్వీసును రైల్వే సర్వీసులో కలిపేసుకుని, నేవీ పింఛను వదులుకున్నవారికి రెండోది రాదు. 2004 జనవరి 1 తర్వాత రైల్వేలో చేరినవారికి కొత్త పింఛను విధానం కాబట్టి వారి లెక్క వేరు.

ఇప్పుడే చూసుకోండి

ఆయన ఎదురుగా ఉండగానే ఈ నాలుగు పనులూ చేయించుకోండి. నేవీ డిశ్చార్జి పుస్తకం, రెండు పింఛను ఆర్డర్లు ఒకే సంచిలో పెట్టండి. రెండింటిలోనూ మీ పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. ఒకచోట లక్ష్మీదేవి, ఇంకోచోట లక్ష్మమ్మ అని ఉంటే తర్వాత తిరగాల్సింది మీరే! నేవీ కాగితాల్లో మీ పేరు లేకపోతే ముంబయి మాన్‌ఖుర్ద్‌లోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌కు రాయించండి. దారి తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. రైల్వే వైపు వైద్య కార్డు, వితంతువులకిచ్చే పాసు సంగతి కూడా అప్పుడే కనుక్కోండి. పింఛను మొదలయ్యాక ఏటా నవంబరులో బతికున్నట్టు సర్టిఫికెట్ ఇవ్వడం మరవకూడదు.

"ఆయనుండగా పింఛను మాటేమిటి, అశుభం" అని నోరు నొక్కేసుకుంటాం. ప్రమాదం రాకముందే కట్లూ దూదీ సిద్ధం చేసుకోవడమే ఆయన జీవితమంతా చేసిన పని. తన ఇంటికి ఆ జాగ్రత్త తీసుకుంటే ఆయనెందుకు కాదంటారు? సంచి తీసి ముందు పెట్టండి. ఇద్దరూ కూర్చుని చూసుకోండి.