పండక్కి దొరకని టిక్కెట్టు

సిద్దిపేట: పండుగ ముందు రోజు బస్టాండులో సీటు కోసం తంటాలు పడనివారు ఈ జిల్లాలో అరుదు. 2005 దీపావళికి బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న నిజామాబాద్ జిల్లా వాసి సామ ఫణీంద్రకూ అదే ఇబ్బంది ఎదురయింది. ఏజెంట్ల చుట్టూ తిరిగినా టిక్కెట్టు దొరకక ఆయన పండక్కి ఇల్లు చేరలేకపోయారు.

ఆరా తీయగా అసలు లోపం బయటపడింది. ఒక్కో ఏజెంటు చేతిలో కొన్ని సీట్లుండేవి. ఒకరి వద్ద ఖాళీ ఉన్న సంగతి మరొకరికి తెలిసేది కాదు. బస్సు ఖాళీ సీట్లతో కదిలేది, ప్రయాణికుడు రోడ్డుమీద మిగిలేవాడు.

బిట్స్ పిలానీలో చదివిన మిత్రులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి ఆయన 2006లో 'రెడ్‌బస్' ప్రారంభించారు. మొదట వీరి కంప్యూటర్ ఏర్పాటుకు బస్సు యజమానులు ముందుకు రాలేదు. దానితో తామే ఏజెంట్లుగా మారి, కొద్ది సీట్లు తీసుకుని ఇంటర్‌నెట్‌లో అమ్మారు. టిక్కెట్టు మీద వచ్చే కమీషనే రాబడి. 2013లో సంస్థను ఐబిబో గ్రూపు కొనుగోలు చేసింది. 2018లో ఫణీంద్ర తెలంగాణ ప్రభుత్వ ముఖ్య ఆవిష్కరణల అధికారిగా నియమితులయ్యారు.

దూర పట్నాల్లో పనిచేసే పల్లె బిడ్డలు నేడు సెల్‌ఫోన్‌లోనే సీటు చూసుకుని పండక్కి ఇంటిదారి పడుతున్నారు.