గాలిలోకి పోని వైఫై: కంప్యూటర్ లోపల కంప్యూటర్‌లో పరీక్షలు



పరీక్షలు మనకే అనుకుంటాం గానీ సాఫ్ట్‌వేర్‌కు కూడా ఉంటాయి. ఆ ప్రశ్నపత్రం మనిషే రాస్తాడు, పరీక్ష పెట్టేదీ దిద్దేదీ మాత్రం కంప్యూటరే. మా కంప్యూటర్ సారు చెప్తుంటే నోటుబుక్కులో రాసుకున్నాను. నాకు అర్థమైనంత వరకు మీకు చెప్తాను.

వైఫైలో ఏం జరుగుతుంది?

ఒక పక్క వైఫై డబ్బా, ఇంకో పక్క ఫోను. డబ్బా తన పేరు చెప్తది. ఫోను "నన్ను కలుపుకో" అని అడుగుతది. తర్వాత రెండూ నాలుగు సందేశాలు మార్చుకుంటాయి. పాస్‌వర్డ్ బయటకు చెప్పకుండానే, ఇద్దరికీ అది తెలుసని ఆ నాలుగు సందేశాల్లో తేల్చుకుంటాయి. అప్పుడే తాళం పడుతుంది. లైనక్స్‌లో డబ్బా పక్క పని చేసే ప్రోగ్రాం పేరు హోస్ట్‌ఏపీడీ. ఫోను పక్క పని చేసేది డబ్ల్యూపీఏ సప్లికెంట్. ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఇదే ఉంటుంది.

నిజం రేడియోలతో ఇబ్బంది ఏంటి?

గాలిలో పక్కింటి వైఫై ఉంటది, గోడలు అడ్డం వస్తాయి. ఒకసారి కలుస్తది, ఒకసారి కలవదు. తప్పు ప్రోగ్రాందా, గాలిదా? తెలియదు. పైగా చాలా రేడియోలు కొనాలి.

అందుకే 2008లో ఫిన్లాండ్‌కు చెందిన జౌని మాలినెన్ అనే ప్రోగ్రామర్ ఒక ఉపాయం చేశాడు. దాని పేరు మ్యాక్80211_హెచ్‌డబ్ల్యూసిమ్. ఇది లైనక్స్ లోపల ఉత్తుత్తి రేడియోలను పుట్టిస్తది. ఏమీ చెప్పకపోతే 2, అడిగితే ఇంకా ఎక్కువ. ఒక రేడియో మాట పంపితే, అదే ఛానల్‌లో ఉన్న మిగతా రేడియోలకు లైనక్సే ఆ మాటను అందిస్తది. గాలిలోకి ఏమీ పోదు. కానీ ప్రోగ్రాంలు నిజం రేడియోలే అనుకుంటాయి!

కంప్యూటర్ లోపల కంప్యూటర్ ఎందుకు?

దీన్ని వర్చువల్ మెషిన్ అంటారు. క్యూఈఎంయూ, కేవీఎం అనే సాఫ్ట్‌వేర్లతో చేస్తారు. దానికి వేరే మెమరీ, వేరే లైనక్స్ ఉంటాయి. లోపలిది పడిపోయినా బయటి కంప్యూటర్ పడిపోదు. ప్రతిసారి కొత్త పలకలాగ శుభ్రంగా మొదలవుతుంది. మన వంటశాలలో బియ్యం ఏరడానికి నాలుగు జట్లుగా కూర్చుంటే తొందరగా అయిపోతది కదా. అట్లాగే చాలా వర్చువల్ మెషిన్లను ఒకేసారి నడిపి పరీక్షలను పంచుతారు.

పరీక్షలను పైథాన్ భాషలో రాస్తారు. సరైన పాస్‌వర్డ్ ఇస్తే కలవాలి. తప్పుది ఇస్తే కలవకూడదు. తప్పు పాస్‌వర్డ్‌తో కలిసిందా, ఆ పరీక్ష ఫెయిల్! ఎక్కడ తప్పిందో చూడటానికి జరిగిందంతా లాగ్ ఫైల్‌లో రాసి ఉంటది.

ఇది మనకెందుకు?

2017లో బెల్జియం పరిశోధకుడు మాథీ వాన్‌హోఫ్ ఒక లోపం బయటపెట్టాడు. దాని పేరు క్రాక్. నాలుగు సందేశాల్లో మూడోదాన్ని మళ్ళీ పంపితే ఫోను పాత తాళాన్నే మళ్ళీ వేసుకుంటది. అప్పుడు దగ్గర్లో ఉన్న దొంగ, వైఫై తాళం వేసిన సమాచారాన్ని చదవగలడు. ఆ నియమం వచ్చి పదేళ్ళు దాటినా లోపం దాగే ఉంది. తర్వాత సరిచేశారు. దీన్నిబట్టి నాకు అర్థమైంది ఏంటంటే, మనం అడిగిన ప్రశ్నకే పరీక్ష జవాబు చెప్తది. అడగని ప్రశ్న అట్లాగే మిగిలిపోతది.

మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. అమ్మా నాన్నా కూలి డబ్బులు పడ్డాయా లేదా అని నాతోనే ఫోన్‌లో చూపించుకుంటారు. చదువు రానివాళ్ళ మాట దొంగ వింటే వాళ్ళకు తెలియను కూడా తెలియదు. కాబట్టి ఆ ప్రశ్నలు అడిగేవాళ్ళలో మనం కూడా ఉండాలి.

ఉత్తుత్తి రేడియోలకు మన కొండలు, వానలు, టేకు చెట్లు తెలియవు. సిగ్నల్ ఎంతదూరం పోతదో చూడాలంటే నిజం రేడియోతో ఊళ్ళోకి పోవాల్సిందే. కానీ ఈ సాఫ్ట్‌వేర్లన్నీ ఉచితం. ఒక్క రేడియో కొనకుండా, ఒక్క కంప్యూటర్‌తో నేర్చుకోవచ్చు.

ఆలోచించండి: సరైన పాస్‌వర్డ్‌తో కలిసిందని ఒక్క పరీక్షే పెడితే సరిపోతుందా? ఎందుకు? జవాబు చీటీ మీద రాసి నాకు ఇవ్వండి.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని