జెట్‌లాగ్ లేని ఎలుకలు

అమెరికా నుంచి సెలవులకొచ్చిన మనవడు అర్ధరాత్రి లేచి ఆడుకుందాం రమ్మంటాడు. మధ్యాహ్నం కంచం ముందు కూర్చోబెడితే కునికిపాట్లు పడతాడు. మనిషి ఇక్కడికొచ్చినా ఒంట్లోని గడియారం అక్కడి టైమునే పట్టుకుని వేలాడుతుంటుంది మరి. దానికెందుకంత మొండితనం? జవాబు ఎలుకల దగ్గర దొరికింది.

ఆ గడియారం ఉండేది మెదడు అడుగున, రెండు కళ్ల నరాలూ కలిసే చోటికి కాస్త పైన. పేరు సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్. అందులో సుమారు 20 వేల నాడీకణాలుంటాయి. విడదీసి గాజుపళ్లెంలో పెంచినా ఒక్కో కణమూ సొంతంగా రోజు లెక్క వేసుకోగలదు. కాకపోతే దేని టైము దానిదే! అన్నీ ఒక్కమాట మీద ఉండాలంటే ఒకదానికొకటి కబురు పంపుకోవాలి. ఆ కబుర్లు మోసేవి కొన్ని రసాయనాలు. వాటిలో ఒకటి వీఐపీ. పేరు చూసి ఏ మంత్రిగారో అనుకునేరు... 1970లో పంది పేగుల్లోంచి వేరుచేసిన పదార్థమది. జన్యువుల్ని మార్చి వీఐపీ లేకుండా పుట్టించిన ఎలుకల్ని అమెరికాలోని సెయింట్ లూయిస్ శాస్త్రవేత్తలు పరీక్షించి, 2005లో ఫలితాలు ప్రకటించారు. వాటి గడియారంలో దాదాపు సగం కణాలు రోజు లెక్కే మర్చిపోయాయి. మిగతావి తలోదారీ పట్టాయి. వీఐపీలా పనిచేసే మందును రోజూ అందిస్తే మళ్లీ దారిలో పడ్డాయి.

అసలు ఆశ్చర్యం 2013లో జపాన్ నుంచి వచ్చింది. గడియారంలో కబుర్లు మోసే మరో రసాయనం వాసోప్రెసిన్. దాన్ని అందుకునే రెండు గ్రాహకాలు లేని ఎలుకల్ని క్యోటో విశ్వవిద్యాలయంలో హితోషి ఒకమురా బృందం తీసుకుంది. గదిలో లైటు వెలిగే వేళని ఒక్కసారిగా 8 గంటలు ముందుకు జరిపింది. అంటే కదలకుండానే విమాన ప్రయాణమన్నమాట! ఎలుకలు రాత్రిపూట చురుగ్గా ఉంటాయి కాబట్టి, ఎప్పుడు లేచి తిరుగుతున్నాయో చూస్తే వాటి టైము తెలిసిపోతుంది. మామూలు ఎలుకలు సర్దుకోవడానికి 8 నుంచి 10 రోజులు పట్టింది. గ్రాహకాలు లేనివి దాదాపు వెంటనే కొత్త వేళకు మారిపోయాయి. అలాగని వాటి గడియారం చెడిపోలేదు, మామూలు రోజుల్లో చక్కగానే నడిచింది.

కణాల మధ్య ఆ కట్టుబాటే మొండితనానికి మూలమని తేలింది. అది లోపమేమీ కాదు. అదే లేకపోతే ఒక్క రాత్రి సినిమాకెళ్లి వచ్చినా మన లెక్క తారుమారయ్యేదేమో!

మామూలు ఎలుకలకి ఆ గ్రాహకాల్ని అడ్డుకునే మందు ఇచ్చినా త్వరగానే తేరుకున్నాయి. విమానాల్లో తిరిగేవాళ్లకే కాదు, వారానికోసారి డ్యూటీ మారే నర్సులకీ కార్మికులకీ ఆశ పుట్టించే మాటే ఇది. అయితే ఎలుకలకి ఆ మందును నేరుగా మెదడులోని గడియారం దగ్గరికే పంపారు. మనం మింగే మాత్ర అలా కాదు, ఒళ్లంతా తిరుగుతుంది. వాసోప్రెసిన్‌కేమో రక్తనాళాల్లోనూ పనుంది.