మంచి మనిషి అనగా ఎవరు?

విద్య ముగించుకొని కళాశాలను విడిచివెళ్లే ప్రతి విద్యార్థికీ, విద్యార్థినికీ ఒక నడవడి ధ్రువపత్రం లభిస్తుంది. కాండక్ట్ సర్టిఫికెట్ అని మనమందరం పిలిచేది దానినే. అందులో నడవడికి ఎదురుగా ఒకే ఒక్క మాట ఉంటుంది: 'మంచిది'. ఎక్కడో ఒకరికి తప్ప అందరికీ పడే మాట అదే. దాని అర్థం ఏమిటని ఎవరూ అడగరు. నిజానికి దాని అర్థం ఇంతే: ఈ మూడేళ్లలో ఇతనిమీద ఫిర్యాదు రాలేదు, జరిమానా పడలేదు, పోలీసుల వరకు వ్యవహారం వెళ్లలేదు. చెడ్డపని చేయలేదని చెప్పడానికి ఆ పత్రం చాలును. మంచి మనిషి అని చెప్పడానికి చాలదు. ఎవరికీ హాని చేయనివి గోడలూ స్తంభాలూ కూడా ఉన్నాయి, వాటిని మంచివని ఎవరూ మెచ్చుకోరు. మరి మంచి మనిషి అనగా ఎవరు? ఈ ప్రశ్నను నిదానంగా విచారించడమే మా ఉద్దేశం.

ముందుగా మాటలను పరిశీలిద్దాం. మన కళాశాలలో రెండు భాషలు పక్కపక్కనే నడుస్తున్నాయి గనుక ఈ సౌకర్యం మనకు ఉన్నది. ఉర్దూలో మర్యాదస్తుణ్ణి 'షరీఫ్' అంటారు. అరబ్బీ నుండి వచ్చిన ఈ మాట ఉన్నతవంశీయుణ్ణి చెప్పే మాట. తెలుగులో 'పెద్దమనిషి' కూడా అటువంటిదే. వయస్సునో హోదానో చెప్పవలసిన మాట క్రమంగా గుణాన్ని చెప్పసాగింది. అనగా, రెండు భాషలలోనూ పుట్టుక, పలుకుబడి అనేవి మంచితనపు వేషం ధరించి వచ్చాయన్నమాట.

కాని అవే భాషలలో మేలైన మాటలు కూడా ఉన్నాయి. నడవడికి అరబ్బీలో 'ఖుల్‌ఖ్' అని పేరు. దాని బహువచనమే మనం వాడుకొనే 'అఖ్లాఖ్'. బాహ్యమైన సృష్టిని, రూపాన్ని చెప్పే 'ఖల్‌ఖ్' అనే మాటకూ దీనికీ ధాతువు ఒకటే. ముఖానికి ఒక ఆకృతి ఉన్నట్లే మనస్సుకూ ఒక ఆకృతి ఉన్నదని ఈ బంధుత్వం సూచిస్తున్నది. ఇక తెలుగులో తాగే నీటిని 'మంచినీళ్లు' అంటాము. మురికి లేనంత మాత్రాన నీరు మంచినీరు కాదు. సముద్రపు నీరు ఎంత తేటగా ఉన్నా దానికి ఆ పేరు రాదు. దప్పిగొన్నవాని దాహం తీర్చినప్పుడే అది మంచినీరు. మంచి మనిషికి ఇంతకంటె సులభమైన నిర్వచనం మాకు కనిపించలేదు.

అయితే ఆ ఆకృతి మనస్సుకు ఎట్లా ఏర్పడుతుంది? గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ (క్రీ.పూ. 384-322) దీనికి అభ్యాసమే మార్గమన్నాడు. వాద్యం వాయించగా వాయించగా వాద్యకారుడైనట్లే, న్యాయమైన పనులు చేయగా చేయగా మనిషి న్యాయపరుడవుతాడని ఆయన భావం. 'తహ్‌జీబుల్ అఖ్లాఖ్' రచించిన ఇబ్న్ మిస్కవైహ్ (మరణం 1030), ఆయన తరువాత ఇమామ్ గజాలీ (1058-1111) ఈ విషయాన్ని మరికొంత ముందుకు తీసుకువెళ్లారు. ఆలోచించి తర్జనభర్జన పడవలసిన అవసరం లేకుండా పనులు సులభంగా వెలువడే మనఃస్థితికే నడవడి అని పేరు అన్నారు. ఈ లెక్కన, ఒకనాడు ఉత్సాహం పుట్టి దానం చేసినవాడు దాత కాడు. ఇవ్వడం ఎవరికి ఊపిరి తీసినంత సహజమో అతడే దాత.

ఈ సిద్ధాంతానికి ఆధునిక మనస్తత్వశాస్త్రం ఒక గట్టి ప్రశ్న వేసింది. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో మతబోధకులుగా శిక్షణ పొందుతున్న విద్యార్థులమీద డార్లీ, బాట్సన్ అనే శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగం జరిపి, 1973లో ఫలితాలను ప్రకటించారు. ఒక్కొక్క విద్యార్థినీ పక్క భవనానికి వెళ్లి ప్రసంగించమన్నారు. కొందరితో కావలసినంత వ్యవధి ఉందన్నారు. కొందరితో ఇప్పటికే ఆలస్యమైందన్నారు. దారిలో ఒక మనిషి తల వాల్చి, దగ్గుతూ మూలుగుతూ పడి ఉండే ఏర్పాటు చేశారు. 40 మందిలో 16 మంది మాత్రమే సాయపడ్డారు. తొందర లేనివారిలో నూటికి 63 మంది ఆగితే, కొద్దిపాటి తొందర ఉన్నవారిలో 45 మంది, మిక్కిలి తొందరలో ఉన్నవారిలో 10 మంది మాత్రమే ఆగారు. వారిలో కొందరు ప్రసంగించబోతున్న విషయం, దారిలో గాయపడినవానిని ఆదుకొన్న సమరయుని గూర్చి బైబిలు చెప్పే కథయే! అయినా ఆ విషయం వల్ల చెప్పుకోదగిన భేదం కనిపించలేదు.

ఆ విద్యార్థులు కపటులని తేల్చివేయడం న్యాయం కాదు. తొందర వారి చూపును ఇరుకు చేసింది. దీనినిబట్టి మేము గ్రహించేది ఒకటున్నది. మంచితనానికి దయ ఒక్కటే చాలదు, కొంత తీరిక కూడా కావాలి. పక్కవానివంక చూడటానికి వ్యవధి మిగలని విధంగా దినచర్యను అమర్చుకొన్నవాడు ఎంత దయామయుడైనా ఆ దయ ఎవరికీ అందదు.

తొందర వలెనే భయం కూడా చేయి పట్టుకొని వెనక్కు లాగుతుంది. రోడ్డు ప్రమాదంలో పడిన మనిషిని ముట్టుకొంటే కేసులో ఇరుక్కుంటామని మనలో ఇప్పటికీ చాలామంది జంకుతారు. ఆ భయాన్ని తొలగించడానికే 2016 మార్చి 30న సుప్రీంకోర్టు మార్గదర్శక సూత్రాలకు బలం చేకూర్చింది. తరువాత 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, సదుద్దేశంతో ఆదుకొన్నవారికి రక్షణ కల్పించే 134ఎ సెక్షనును చేర్చారు. ఈ సంగతి తెలిసి ఉండటం కూడా ఈనాటి మంచితనంలో ఒక భాగమే.

ఇక ఆచరణలో ఈ గుణం ఎట్లా ఉంటుందో చూద్దాం. కోనసీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841-1909) గోదావరి పాయలు దాటి అలసి వచ్చే బాటసారులకు వేళ అనకుండా అన్నం పెట్టారు. అది ఒక పండుగనాటి సంతర్పణ కాదు; దశాబ్దాలపాటు సాగిన దినచర్య. 2024 నుండి ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకం ఆమె పేరుతో నడుస్తున్నది. అభ్యాసమే స్వభావమైన మనిషికి ఆమె నిదర్శనం.

మంచితనానికి మరొక ముఖం ఉన్నది, అది కఠినమైనది. హైదరాబాదులో 'ఇమ్రోజ్' అనే ఉర్దూ పత్రికకు సంపాదకుడైన షోయబుల్లాఖాన్ రజాకార్ల దౌర్జన్యాలను ఖండిస్తూ, హైదరాబాదు సంస్థానం భారతదేశంలో చేరడమే శ్రేయస్కరమని రాశాడు. బెదిరింపులు వచ్చినా మానలేదు. 1948 ఆగస్టు 21 రాత్రి ఇంటికి వెళుతుండగా దుండగులు ఆయనను కాల్చి, చేయి నరికారు. మరునాటికి ఆయన మరణించాడు. అప్పటికి ముప్పై ఏళ్లు నిండలేదు. నెల తిరగకముందే, సెప్టెంబరు 17న, సంస్థానం లొంగిపోయింది. పరాయివారి తప్పులను ఖండించడానికి పెద్ద ధైర్యం అక్కరలేదు. తనవారనుకొన్నవారి ముఖం మీద, తన భాషలో, తన పత్రికలో నిజం చెప్పడానికి ప్రాణాన్ని పణం పెట్టవలసి వచ్చింది. అందరితో ఇచ్చకంగా మాట్లాడి అందరిచేతా మంచివాడనిపించుకోవడం మంచితనమే అయితే, ఆయన మంచివాడు కాకుండా పోవాలి. అట్లా అనడానికి మాకు నోరు రాదు.

విద్యార్థినీ విద్యార్థులారా! అంతటి పరీక్ష మీకు ఎదురుకాకపోవచ్చు. కాని దాని చిన్నరూపం మీ హాస్టలు వరండాలోనే ఉన్నది. ర్యాగింగును నిషేధిస్తూ మన రాష్ట్రంలో 1997లోనే చట్టం వచ్చింది. అయినా ఒక కొత్త విద్యార్థిని నలుగురు చుట్టుముట్టి ఏడిపించే చోట, ఏమీ చేయకుండా చూస్తూ నిలబడినవారు పదిమంది ఉంటారు. ఆ పదిమందిమీదా ఫిర్యాదు రాదు. వారందరి నడవడీ 'మంచిది' అనే పత్రానికి ఎక్కుతుంది. ఆ నలుగురిలో ఒకడు తన స్నేహితుడే అయినా, ముందుకు వచ్చి "ఇక చాలు" అనగలిగినవాడు ఎవడో, మేము వెదకే మనిషి అతడే.

అతడు తప్పులే లేనివాడై ఉండనక్కరలేదు. పరీక్షలో తప్పి ఉండవచ్చు, కోపిష్ఠి కూడా కావచ్చు. మంచితనం ఒకసారి సంపాదించి పెట్టెలో దాచుకొనే పతకం కాదు గనుక అతనికి రేపు మళ్లీ అదే పని చేయవలసి వస్తుంది. అందుచేత మా విన్నపం చిన్నది. వచ్చే విద్యా సంవత్సరం మొదటిరోజున, పెట్టె చేతబట్టుకొని గేటు దగ్గర బెదురుచూపులు చూసే కొత్త విద్యార్థి మీకు కనబడితే, మీరు క్లాసుకు అయిదు నిమిషాలు ఆలస్యమైనా సరే, పేరు అడిగి ఆఫీసుదాకా తోడు వెళ్లండి. అభ్యాసం అక్కడినుండి ఆరంభించవచ్చు.