పాతిక చదరపు మీటర్ల ఇల్లు: బస్తర్‌లో నిబంధన చెప్పేది, చెప్పనిది

ఛత్తీస్‌గఢ్ దక్షిణ కొసన, తెలుగు రాష్ట్రాల పొలిమేరల దాకా బస్తర్ డివిజన్ విస్తరించి ఉంది. ఇక్కడ పల్లెలోని పేద కుటుంబం ప్రభుత్వ సాయంతో సొంత జాగాలో కట్టుకునే ఇంటికి ఒక కనీస కొలత ఉంది. అది 25 చదరపు మీటర్లు, అంటే సుమారు 30 చదరపు గజాలు లేదా 269 చదరపు అడుగులు.

అమెరికాలో వాడే నివాస భవనాల కోడ్‌కు 2018లో చేర్చిన అనుబంధం 400 చదరపు అడుగులకు మించని ఇంటిని ‘చిన్న ఇల్లు’ అంటుంది. ఇల్లు ఎంత చిన్నదైతే అనుమతిస్తారన్నది అక్కడి ప్రశ్న. ఇంతకన్నా తగ్గకూడదని చెప్పిన ఇంట్లో ఎండను, వానను, పొగను ఎలా తట్టుకోవాలన్నది బస్తర్ ప్రశ్న.

కొలత ఎలా వచ్చింది?

ఇందిరా ఆవాస్ యోజన స్థానంలో 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన-గ్రామీణ్ పథకం ఇంటి కనీస వైశాల్యాన్ని 20 నుంచి 25 చదరపు మీటర్లకు పెంచింది. శుభ్రంగా వంట చేసుకునే చోటు కూడా ఇందులోనే ఉండాలి. మైదాన ప్రాంతాలకు రూ.1.20 లక్షలు, కొండ ప్రాంతాలకు, తీవ్రవాద ప్రభావిత జిల్లాలకు రూ.1.30 లక్షల సాయాన్ని నిర్ణయించారు. అబూజ్‌మాడియా వంటి ఆదిమ గిరిజన తెగలకు 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ కింద రూ.2 లక్షలు అందుతాయి.

లబ్ధిదారుల జాబితాను గ్రామసభ పరిశీలిస్తుంది. పనిని కాంట్రాక్టరుకు అప్పగించకూడదు. ఇంటివారే దగ్గరుండి కట్టించుకోవాలి. ఒక్కో దశలో తీసిన ఫోటోలు స్థలం గుర్తుతో సహా యాప్‌లోకి చేరాక వాయిదా సొమ్ము విడుదలవుతుంది. అంటే పునాది ఫోటో ఎక్కేసరికే ఇంటి ఆకారం దాదాపు ఖాయమైపోతుంది.

నేల ఒక్కటే కొలిస్తే చాలదు

జాతీయ భవన నిర్మాణ కోడ్-2016 ప్రకారం రెండు గదుల ఇంట్లో ఒక గది 9.5, రెండోది 7.5 చదరపు మీటర్లకు తగ్గకూడదు. వంటగదికి 5 చదరపు మీటర్లు ఉండాలి. ఈ మూడూ కలిపితే 22. గోడలతో సహా లెక్కేస్తే మిగిలిన మూడు మీటర్లూ చాలవు.

గోడ మందం ఎంత ముఖ్యమో చిన్న లెక్కతో తెలుస్తుంది. బయటి కొలత 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు అనుకుందాం. గోడ 23 సెంటీమీటర్ల మందం ఉంటే లోపల 20.6 చదరపు మీటర్లు దక్కుతుంది. 45 సెంటీమీటర్ల మట్టిగోడ అయితే 16.8 మాత్రమే. చల్లదనం ఇచ్చే గోడే చోటును తినేస్తుంది. అయితే 25 అనేది కనీస కొలతే, గరిష్ఠం కాదు. స్థలం ఉన్నవారు బయటి కొలత పెంచుకోవచ్చు, కానీ సాయం మాత్రం పెరగదు.

గది ఎత్తు 2.75 మీటర్లు ఉండాలని కూడా కోడ్ చెబుతుంది. 9.5 చదరపు మీటర్ల గదిలో అప్పుడు 26 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. ఖర్చు కలిసొస్తుందని ఒక అడుగు ఎత్తు తగ్గిస్తే దాదాపు 3 ఘనపు మీటర్ల గాలి తగ్గిపోతుంది. వేడి, తేమ కలిసిన వాతావరణంలో కిటికీలు, వెంటిలేటర్ల మొత్తం వైశాల్యం గది నేలలో ఆరో వంతుకు తగ్గకూడదు. కోడ్ సిఫారసు మాత్రమే చేస్తుంది. రాష్ట్రాలు తమ నిబంధనల్లో చేర్చుకుంటేనే దానికి బలం వస్తుంది.

పాత ఇంటి తెలివి

మందమైన మట్టిగోడ మధ్యాహ్నపు వేడిని వెంటనే లోపలికి రానివ్వదు. నాటు పెంకుల సందుల్లోంచి పొగ, వేడిగాలి పైకి పోతాయి. బయటికి చాచిన చూరు వానజల్లు నుంచి గోడను కాపాడుతుంది. వసారా పగటిపూట మరో గదిలా ఉపయోగపడుతుంది. కాంక్రీటు స్లాబు అలా కాదు. పగలంతా పీల్చుకున్న వేడిని రాత్రి గదిలోకి వదులుతుంది. దాని కింద కట్టెల పొయ్యి వెలిగిస్తే పొగకు పైనుంచి దారి ఉండదు. మరోవైపు స్లాబుకు ఏటా పెంకులు సర్దే పని లేదు, చెదల బెడద లేదు. అందుకే చాలామంది దాన్ని కోరుకుంటారు.

మట్టి వాడితే సాయం రాదనుకోనక్కర్లేదు. మామూలు మరమ్మతులతో కనీసం 30 ఏళ్లు నిలిచేదే పక్కా ఇల్లని పథకం మార్గదర్శకాలు చెబుతున్నాయి. సిమెంటు లేదా సున్నం కలిపి అచ్చు కొట్టిన మట్టి ఇటుకలకు ఐఎస్ 1725 అనే భారతీయ ప్రమాణం ఉంది.

పునాదికి ముందే

ముగ్గు పోసేనాడే కొన్ని సంగతులు తేల్చుకోవాలి. పొయ్యి ఏ మూలన, పొగ ఎటు పోవాలి? ఎదురెదురు కిటికీలకు గాలి ఎటునుంచి వస్తుంది? చూరు ఎంత చాచాలి? రేపు ఇంకో గది వేసుకుంటే ఏ పక్కన? స్లాబే వేస్తే పైన సున్నం పూయడం వల్ల ఎండ చాలావరకు తిరిగి పైకి పోతుంది. పడమటి గోడకు నీడనిచ్చే పందిరికి వెదురు సరిపోతుంది.

వైశాల్యాన్ని అధికారి టేపుతో కొలవగలడు. గాలి, నీడ, పొగ దారి ఏ ఫోటోలోనూ కనబడవు. ఇంట్లో ఉండేవారికి మాత్రం అవి ప్రతి వేసవిలో, ప్రతి వానాకాలంలో తెలిసివస్తాయి. కాబట్టి తొలి వాయిదా డబ్బు చేతికందే రోజుకే వాటి లెక్క సిద్ధంగా ఉండాలి.