పాలియెస్టర్ తుక్కును నీటితో విడదీయుట

మన కోలారు జిల్లా మగ్గముల వద్ద పట్టు తుక్కుతో పాటు నేడు పాలియెస్టర్ పోగులు, ప్లాస్టిక్ జరీ తునకలు కూడ చేరుచున్నవి. ఇవి మట్టిలో కుళ్లవు. వీటిని తిరిగి ముడిసరుకుగా మార్చు విధమును సభ్యులకు తెలియజేయుచున్నాము.

1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనువారు కనుగొనిన ఈ పోగు టెరెఫ్తాలిక్ ఆమ్లము, గ్లైకాల్ కలిసి, నీరు వెలికిపోగా ఏర్పడును. ఆ నీటిని మరల చొప్పించినచో గొలుసు తెగి, మొదటి రెండు సరుకులును తిరిగి వచ్చును. ఇందుకు 250 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కూడ నీరు ఆవిరి కాకుండ, గాలి ఒత్తిడికి సుమారు 40 రెట్లు ఒత్తిడిలో ఉంచవలెను. 374 డిగ్రీలు, 218 రెట్లు దాటినచో పని ఇంకను త్వరగా సాగును. అది సుమారు 2,200 మీటర్ల లోతు నీటి అడుగున ఉండు ఒత్తిడి. 2001లో మూతబడిన మన బంగారు గనులలో ఛాంపియన్ రీఫ్ అంతకంటెను లోతైనది.

కనుక రంగుల బానలో గాని, కుక్కరులో గాని ఎవరును ప్రయత్నింపరాదు, ప్రాణాపాయము. ఇది మందమైన ఉక్కు పాత్రలు గల కర్మాగారములు చేయవలసిన పని. మన వంతు తుక్కును వేరుచేయుట. అంత వేడినీటిలో పట్టు కూడ కరిగిపోవును. కలగలుపు తుక్కు నుండి అది దక్కదు. ఒక పోగు అంటించి చూడుడు: పట్టు వెండ్రుకలు కాలిన వాసన వేసి, నలిపిన పొడియగును; పాలియెస్టర్ కరిగి గట్టి నల్లపూసగా మిగులును. రెండింటిని వేర్వేరు సంచులలో ఉంచుడు; పట్టు తుక్కు విలువ నిలుచును.