పాత గడియారముల జీర్ణోద్ధరణము

నడక మానిన చేతి గడియార మొక్కటియైనను పెట్టె యడుగున లేని యిల్లు మనలో అరుదు. అది తాతగారిదో, మామగారిదో, పెండ్లినాడు అల్లునికి పెట్టినదో యై యుండును. పారవేయుటకు మనసొప్పదు; బాగుచేయించుటకు తీరిక చిక్కదు. తుదకు పాతసామానులవాని సంచిలో పడును. ఇట్టి గడియారములలో పెక్కు చెడినవి కావు, మురికిచే నిలిచిపోయినవి మాత్రమే. ఓర్పును, తగిన పనిముట్లును గల గృహిణి వానిని తన చేతులతోనే మరల నడిపింపవచ్చును.

స్వల్పవస్తు వొక్కటి కాలయంత్రమును నిలుపగలదను మాట మనకు క్రొత్తది కాదు. లీలావతి వివాహ ముహూర్తము తెలిసికొనుటకై భాస్కరాచార్యులు నీటిపై నుంచిన గడియగిన్నెలో, ఆమె యాభరణమునుండి ముత్యమొకటి జారిపడి రంధ్రమును మూసెననియు, గిన్నె మునుగకయే ముహూర్తము దాటిపోయెననియు కథ కలదు. కథ యెట్టిదైనను గడియారము విప్పువారు గ్రహింపదగిన నీతి యందున్నది: దోషము మిక్కిలి చిన్నది, దాని ఫలము మిక్కిలి పెద్దది.

ఇది పురుషుల పనియని కొందఱనవచ్చును. కాని ముంజేతి గడియారము మొదట స్త్రీల సొమ్మే. 1810లో నేపిల్సు రాణి కరోలిన్ మ్యూరా కోరగా, పారిసు నగరపు నిపుణుడు బ్రెగే ఆమె ముంజేతికై గడియారము చేయ మొదలిడెను. 1868లో స్విట్జర్లాండులోని పటేక్ ఫిలిప్ వారు హంగరీదేశపు ప్రభ్వి యొకతెకు కంకణమువంటి గడియారమును చేసి యిచ్చిరి. పురుషులు చిరకాలము జేబు గడియారములనే వాడిరి. 1914 మొదలు 1918 వఱకు జరిగిన మహాయుద్ధములో, కందకములలోని సైనికులకు జేబు తడవుకొనుట కష్టమైన పిమ్మటనే అది వారిలో విరివిగా వ్యాపించినది.

మన దేశమున హెచ్.ఎం.టి. వారు జపానులోని సిటిజన్ సంస్థ సాయముతో 1961లో బెంగుళూరున గడియారముల కర్మాగారమును నెలకొల్పిరి. జనతా, పైలట్, సోనా, కోహినూర్ అను పేర్లు మన పెద్దల కెల్లరకు పరిచితములు. ఇంతలో 1969 డిసెంబరు 25వ తేదీన జపానులో సైకో వారు క్వార్ట్జు చేతి గడియారమును విడుదల చేసిరి. క్రమముగా బ్యాటరీ గడియారములు చౌకయై, కీ యిచ్చు గడియారములు వెనుకబడినవి. హెచ్.ఎం.టి. గడియారముల సంస్థను మూసివేయుటకు 2016లో ప్రభుత్వము నిశ్చయించినది. కావున నేడు ఒక గడియారములో చక్రము విఱిగినచో, పాడైన మఱియొకదానినుండి తీసిన చక్రమే దానికి దిక్కగుచున్నది. బొత్తిగా పనికిరాని దానినైనను పారవేయరాదని చెప్పుట యిందులకే.

ఇక దీని లోపలి పని యెట్టిదో చూతము. కీ త్రిప్పినపుడు గుండ్రని డబ్బీలో ఉక్కు కమాను చుట్టుకొనును. అది విప్పుకొన యత్నించుచు పండ్లచక్రముల వరుసను త్రిప్పును. అడ్డులేనిచో నిమేషములో విప్పుకొనిపోవును గదా! అట్లు పోనీక, కొక్కెమువంటి చిన్న భాగ మొకటి చివరి చక్రపు పండ్ల నొక్కొక్కటిగా ఆపి విడుచుచుండును. ఆ కొక్కెమునకు తాళము తప్పకుండ చూచునది బాలెన్సు చక్రము. దాని నడుమ తలవెండ్రుకవంటి సన్నని తీగచుట్ట యుండును. పాత గడియారములలో పెక్కు గంటకు 18,000 మారులు, అనగా సెకనుకు 5 మారులు కొట్టుకొనును. దినమునకు లెక్కింపగా 4,32,000. కలియుగమునకు మన పురాణములు చెప్పిన సంవత్సరములెన్నియో, ఒక్క అహోరాత్రములో ఆ చిన్నచక్రము అన్నిమార్లు కొట్టుకొనుచున్నది!

ఇంత శ్రమకోర్చుటకే చక్రముల యిరుసులను కెంపుల గుంటలలో నిలుపుదురు. డయలుపై 17 కెంపులని వ్రాసియుండుట చూచి ఆశపడకుడు. అవి కృత్రిమముగా చేసినవి, వెల స్వల్పము. ఏండ్లు గడచినకొలది ఆ గుంటలలోని నూనె ఆఱి, దుమ్ముతో కలిసి జిగురగును. కమానునకు బలమున్నను చక్రము కదలదు. దానిని కడిగి క్రొత్త నూనె వేయుటయే ఈ విద్యలో మొదటి పాఠము.

పనిముట్లు కొద్దియే: భూతద్దము, సన్నని శ్రావణము, చిన్న స్క్రూడ్రైవర్లు, మూతలుగల గిన్నెలు. పంకా ఆపి, తుండుగుడ్డ యొక కొనను బల్లకు బిగించి, రెండవ కొనను ఒడిలో పరచుకొనవలయును. జారిన మరమేకు నేలపాలు కాదు. విప్పునపుడు ప్రతి మెట్టునను చేతి ఫోనుతో ఛాయాచిత్రము తీసియుంచుకొన్నచో మరల కూర్చుట సులభము. మొదట అభ్యసించుటకు ఎందుకును కొఱగాని గడియారమునే తీసికొనుడు. వంశపు గడియారముపై చేయి చేసికొనకుడు.

అన్నిటికంటె ముందు కమాను బిగువును మెల్లగా సడలింపవలెను. అది మఱచి కొక్కెమును తీసినచో, చక్రములన్నియు ఒక్కపెట్టున తిరిగి పండ్లు విఱుగవచ్చును. కడుగుటకు నిపుణులు వాడు బెంజీను పెట్రోలువలె నిప్పు నందుకొనును. వంటయింట గాని, దీపారాధన జరుగు చోట గాని దాని మూత తీయరాదు. స్పిరిటుతోను జాగ్రత్త వలయును. కొక్కెమునకు రెండు కొనల నుండు కెంపులను లక్కతో అతికింతురు. పాండవులకై కట్టిన లక్కయిల్లు నిప్పునకు లోబడినట్లు, ఈ లక్క స్పిరిటునకు లోబడును.

నూనె గడియారములకై చేసినదే కావలెను. కొబ్బరినూనె చలికాలమున పేరుకొనును. కుట్టుమిషను నూనె గుంటలో నిలువక ప్రాకిపోవును. సూదిమొనతో, ఆవగింజకంటె నెంతయో తక్కువగా, ఇరుసు తిరుగు చోటనే వేయవలెను. చక్రముల పండ్లకు వేయరాదు. తీగచుట్టకు తగిలిన చుట్లు ఒకదానికొకటి అంటుకొని గడియారము పరుగెత్తును. ఫోను, స్పీకరు మొదలగువాని అయస్కాంతము సోకినను అట్లే పరుగెత్తవచ్చును; అప్పుడు విప్పకయే ఆ గుణమును పోగొట్టు సాధనములు గలవు.

ఒక్క హెచ్చరికను మాత్రము మఱువకుడు. చీకటిలో మెఱయుటకై పూర్వము అంకెలకును, ముండ్లకును రేడియము కలిపిన రంగు పూయుచుండిరి. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున ఆ రంగు పూయుటకు కుదిరిన పడుచులకు కుంచెమొనను పెదవులతో సన్నము చేసికొనుమని నేర్పిరి. కొన్నేండ్లకు వారి దవడల యెముకలు శిథిలములయ్యెను, పలువురు మరణించిరి. గ్రేస్ ఫ్రయరు మొదలగు ఐదుగురు స్త్రీలు వ్యాధితోనే న్యాయస్థానమున కెక్కి, 1928లో పరిహారము పొందిరి. పనివారి రక్షణకై తరువాత వచ్చిన కట్టుబాట్లకు వారి పోరాటము తోడ్పడినది. ఆ రంగు నేడు మెఱయకపోవచ్చును. రంగులోని మెఱయు పదార్థము నశించినది గాని, రేడియము సగమగుటకే 1,600 ఏండ్లు పట్టును. కావున 1960లకు పూర్వపు గడియారములో ముండ్లపై గోధుమవన్నె పూత కనబడినచో ఇంట విప్పకుడు, గీకకుడు, పిల్లల కందనీయకుడు.

డయలును నీటితో తుడువకుడు; అక్షరములు చెఱగును. అమ్మకపువారు క్రొత్తరంగు పూసి మెఱపించిన డయళ్లను చూచి మోసపోకుడు. కాలముచే మాసిన అసలు డయలే యింటివారి గుఱుతు. మా యింట మామగారి జనతా గడియారము దినమునకు ఇరువది సెకనులు ముందు నడచును. బడికి వేళ మించదు గదా యని మావారు దానినే కట్టుకొని పోవుదురు.

ఇరుసు విఱిగినను, లోపల త్రుప్పు పట్టినను నిపుణునికే అప్పగింపవలెను. బజారులో చిన్న గాజుపెట్టె వెనుక, కంట భూతద్దముతో కూర్చుండు ముదుసలి మరమ్మతుదారులు నేడు తగ్గిపోవుచున్నారు. పెక్కుచోట్ల వారి పిల్లలు ఈ పని నేర్వలేదు. వారి చేతివిద్య వారితోనే పోవుట దేశమునకు నష్టము. కావున సోదరీమణులారా, గడియారము నిచ్చునపుడు కూలి బేరమాడక, ప్రక్కన కూర్చుండి చూడనిమ్మని వినయముతో అడుగుడు. కూతుండ్రను వెంట కొనిపోవుడు.